కండ బలానికా, కంటికా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

సిక్స్ ప్యాక్ అంటే ఏమిటని అడిగిన పాఠకునికి, పొట్ట మీద గళ్లుగా కనిపించే కండలని గత సంచికలో నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పి ఊరుకున్నాము. అది చాలలేదనీ, కండలు తిరిగిన మగవాడి దేహం మీద లోకానికి ఇంత మోజు ఎప్పుడు, ఎలా మొదలైందో వివరంగా చెప్పాలనీ పలువురు ఉత్తరాలు రాశారు. వాటిలో ఒకదానితో ఒకటి ముడిపడిన వాటిని ఏరి, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: చేతులు లేని బనియనును మా ఇంట్లో అందరూ ‘శాండో బనియను’ అంటారు. బట్టల కొట్టులోనూ అదే మాట. ఈ శాండో అనేది కంపెనీ పేరా, మనిషి పేరా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మనిషి పేరే. యూజెన్ శాండో అనేది ఆయన రంగస్థల నామం. అసలు పేరు ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ ముల్లర్. 1867లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో, అంటే నేడు రష్యాలో కలినిన్‌గ్రాడ్ అని పిలిచే ఊళ్లో పుట్టాడు. చేతులు లేని బనియనుకు ఆయన పేరు తెలుగునాట మాత్రమే కాదు, బెంగాల్‌లోనూ తమిళనాట కూడా స్థిరపడిపోయింది.

ఆయనకు ముందు బలశాలులు లేరని కాదు. ఇనుప గుళ్లు ఎత్తేవారు, గొలుసులు తెంచేవారు ఐరోపా సర్కస్‌లలోనూ సంతల్లోనూ చాలామందే ఉండేవారు. వారిలో ఎక్కువమందికి పీపాల్లాంటి నడుములు, నిండైన పొట్టలు ఉండేవి. దానిని ఎవరూ లోపంగా చూడలేదు. జనం డబ్బిచ్చి చూడడానికి వచ్చింది వారు ఎత్తే బరువును. 1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్న రోజుల్లో శాండోను అక్కడి రంగస్థలం ఎక్కించిన ఫ్లోరెన్స్ జీగ్‌ఫెల్డ్ అనే యువ నిర్వాహకుడు ఒక సంగతి పసిగట్టాడు. ప్రేక్షకుల చూపు శాండో ఎత్తే బరువు మీద కంటే ఆయన ఒంటి మీదే ఎక్కువసేపు నిలుస్తోంది. ఇంకేముంది, బరువులు వెనక్కి వెళ్లాయి, దేహం ముందుకు వచ్చింది. తక్కువ బట్టతో దీపాల వెలుగులో నిలబడి, ఒక్కొక్క కండను విడివిడిగా బిగించి, వదిలి చూపించడమే ప్రదర్శన అయింది. ధర్మనిధికి విరాళమిచ్చిన సంపన్న స్త్రీలకు ఆ కండలను ముట్టి చూసే అవకాశం కూడా కల్పించారు.

మరుసటి ఏడాది మార్చిలో న్యూజెర్సీలోని ఎడిసన్ స్టూడియోలో శాండోను కెమెరా ముందు నిలబెట్టారు. నిమిషమైనా నిండని ఆ చిత్రంలో ఆయన బరువు ఎత్తడు, ఎవరితోనూ తలపడడు. తన ఒంటిని ఇటూ అటూ తిప్పి చూపిస్తాడు, అంతే. తెర మీద బొమ్మ వేసి జనమంతా కలిసి చూసే సినిమా ఇంకా రాకముందే, పెట్టెలోకి ఒక్కొక్కరే తొంగిచూసే రోజుల్లోనే, కదిలే బొమ్మకు కండలు వస్తువయ్యాయన్న మాట.

గ్రీకు, రోమను పాలరాతి శిల్పాల కొలతలే తనకు ఆదర్శమని శాండో చెప్పుకునేవాడు. ఒంటికి తెల్లని పొడి పూసుకుని శిల్పంలా కదలకుండా నిలబడడం ఆయన ప్రదర్శనలో ఒక అంకం. ఆయన అనుకరించిన శిల్పాల్లో ముఖ్యమైనది, 1546లో రోము నగరంలోని కారకల్లా స్నానశాలల శిథిలాల్లో దొరికి నేడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్న, గ్రీకు పురాణాల్లోని బలశాలి హెర్క్యులిస్ విగ్రహం. 1901 సెప్టెంబరు 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆయన నడిపిన దేహదారుఢ్య పోటీని ఈ తరహా పెద్ద పోటీలన్నింటికీ మొదటిదిగా లెక్కిస్తారు. శాండోతోపాటు న్యాయనిర్ణేతలుగా కూర్చున్నవారు ఇద్దరు. ఒకరు చార్ల్స్ లాస్ అనే శిల్పి, మరొకరు అపరాధ పరిశోధక కథల రచయిత ఆర్థర్ కానన్ డాయల్. దేహానికి మార్కులు వేయడానికి శిల్పిని పిలిచారన్న ఒక్క విషయం చాలు, ఆ పోటీ దేని గురించో అర్థం కావడానికి.

తక్కినదంతా వ్యాపారం. పత్రిక, పుస్తకాలు, స్ప్రింగు బిగించిన డంబెల్స్, ఉత్తరాల ద్వారా వ్యాయామ పాఠాలు, చివరికి తన పేరిట కోకో పొడి కూడా ఆయన అమ్మాడు. నగరాల్లో రోజంతా కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే గుమాస్తాల తరం అప్పుడే పెరుగుతోంది. తమ ఒళ్లు మెత్తబడిపోతోందన్న దిగులు వారిలో ఉంది. ఆ దిగులును శాండో సరుకుగా మార్చాడు. 1905 ప్రాంతంలో భారతదేశంలో కూడా పర్యటించాడు. ఆయన 1925లో మరణించాడు. మిస్టర్ ఒలింపియా అనే దేహదారుఢ్య పోటీ విజేతకు నేటికీ ఇచ్చేది ఆయన ప్రతిమనే.

ప్రశ్న: కోడి రామమూర్తి నాయుడు గారి సర్కస్ గురించి మా తాతగారు కథలు కథలుగా చెప్పేవారు. కానీ ఫోటోలో చూస్తే ఆయనది భారీ విగ్రహమే తప్ప నేటి జిమ్ కుర్రాళ్ల పొట్ట మీద కనిపించే గళ్లు ఆయనకు లేవు. మా అబ్బాయి ఆ ఫోటో చూసి నవ్వాడు. అతనికేం చెప్పాలి?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ముందుగా, పొట్ట మీది గళ్లు బలానికి కొలత కావని చెప్పండి. ఆ కండరాలు ప్రతి మనిషికీ ఉంటాయి. చర్మం కింద కొవ్వు బాగా పలచబడినప్పుడు పైకి కనిపిస్తాయి, లేకపోతే కనిపించవు. బరువు ఎత్తడానికి కావలసింది కండ పరిమాణం, నరాలు దానిని ఒక్కసారిగా పని చేయించగల నేర్పు, నడుమును బిగించి నిలిపే శక్తి, ఆపైన దేహపు బరువు. జార్జియా దేశపు లాషా తలఖాద్జే 2021లో రెండు రకాల ఎత్తుల్లో కలిపి 492 కిలోలు ఎత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. వరుసగా మూడు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. ఆయన ఫోటో మీ అబ్బాయికి చూపించండి. పెద్ద పొట్టే కనిపిస్తుంది, గళ్లు కనిపించవు.

రామమూర్తి నాయుడు గారు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాధన చేసి, వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసి, ఆపైన సొంత సర్కస్ కంపెనీతో దేశమంతా తిరిగారు. రొమ్ము మీద ఏనుగును నిలపడం, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచడం, కదలబోయే కారును పట్టి ఆపడం ఆయనకు పేరు తెచ్చిన విద్యలు. జనం ఆయనను కలియుగ భీముడన్నారు. 1942లో ఆయన కాలం చేశారు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. ఈసారి అటు వెళ్లినప్పుడు మీ అబ్బాయిని దాని ముందు కాసేపు నిలబెట్టండి.

ఆయన శాండోకు సమకాలికులే అయినా వేరే సంప్రదాయం నుంచి వచ్చిన మనిషి. మన గరిడీలు, తాలింఖానాలు అనే వ్యాయామశాలలు, అక్కడి దండీలు, బస్కీలు, కర్రసాము, గదలు తిప్పడం, ఇవన్నీ ఏదో ఒక పని చేయగల దేహాన్ని తయారు చేసే పద్ధతులు. వస్తాదు శిష్యుని దేహాన్ని అద్దం ముందు నిలబెట్టి చూడడు, మట్టిలో దింపి చూస్తాడు. 1910లో లండన్ వెళ్లి పేరుమోసిన మల్లయోధులకు సవాలు విసిరిన గామా పహిల్వాన్ దేహం కూడా ఇదే తీరు. మెడ, తొడలు, వీపు దిట్టంగా ఉంటాయి కానీ ఏ గీతా విడిగా కనిపించదు.

చూపించడానికే పెంచే దేహం మన దేశానికి వచ్చింది చాలావరకు శాండో పుస్తకాల వెంటే. సూర్యనమస్కారాలకు విస్తృత ప్రచారం కల్పించిన ఔంధ్ సంస్థాన రాజా కూడా మొదట్లో శాండో పద్ధతిని సాధన చేసినవారే. బెంగుళూరులో కె.వి. అయ్యర్ హెర్క్యులిస్ పేరుతో వ్యాయామశాల నడిపి, ఉత్తరాల ద్వారా పాఠాలు చెప్పి, తన ఫోటోలను విదేశీ పత్రికల్లో అచ్చు వేయించుకున్నారు. విచిత్రం ఏమిటంటే ఆయన కన్నడంలో పేరున్న రచయిత కూడా. స్వాతంత్ర్యం వచ్చాక 1951లో మనతోష్ రాయ్, 1952లో మనోహర్ ఐచ్ మిస్టర్ యూనివర్స్ పోటీల్లో తమ తమ విభాగాల్లో గెలిచారు. ఐచ్ గారి ఎత్తు అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ. తెల్లదొరను కొట్టి జైలుకు వెళ్లి, ఆ జైల్లోనే దేహాన్ని తీర్చిదిద్దుకున్న ఆయన నూరేళ్లు దాటి బతికి 2016లో కన్నుమూశారు.

ప్రశ్న: మన గుళ్లలోని దేవతా విగ్రహాలకు, ద్వారపాలకులకు కూడా, గ్రీకు శిల్పాల్లోలాగా కండలు ఎందుకు చెక్కలేదు? శిల్పులకు శరీర నిర్మాణం తెలియకనా?
– ఒక పాఠకురాలు, అమరావతి

జవాబు: తెలియక కాదు, వారికి అది అవసరం కాలేదు. గ్రీకు శిల్పి చర్మం కింద కదిలే కండను చూపాలనుకున్నాడు. మన శిల్పి లోపల నిండిన ప్రాణవాయువును చూపాలనుకున్నాడని కళాచరిత్రకారులు చెబుతారు. అందుకే మీ ఊరి సున్నపురాతి శిల్పాల్లో దేహాలు నునుపుగా, లోపలి నుంచి ఊదినట్లుగా ఉంటాయి. శ్రావణబెళగొళలో పదో శతాబ్దం చివర నిలిపిన గోమటేశ్వరుడు దాదాపు 57 అడుగుల మనిషి. అంత దేహంలో ఒక్క కండరమూ విడిగా ఉబికి కనిపించదు. అయినా ఆయన ముందు నిలబడినవారికి బలహీనుడిని చూస్తున్నట్లు అనిపించదు.

మన కావ్యాల్లోనూ బలానికి ఉపమానాలు ఇలాగే ఉంటాయి. ఏనుగు తొండం వంటి చేయి, ఎద్దు మూపు వంటి భుజం, సింహం ముందుభాగం వంటి రొమ్ము, మోకాళ్లను తాకే బాహువులు అంటారే తప్ప కండల గీతలను ఎవరూ లెక్కపెట్టలేదు. బలానికి మారుపేరైన భీముడికి ఉన్న బిరుదు ఏమిటో గుర్తు చేసుకోండి. వృకోదరుడు, అంటే తోడేలు కడుపు వాడు. ఆయన బలాన్ని ఆకలితో, కడుపుతో కొలిచారు!

దీనికి ఒక మినహాయింపు గాంధార శిల్పం. గ్రీకుల ప్రభావం పడిన ఆ వాయవ్య ప్రాంతంలో బుద్ధుని పక్కన నిలిచే వజ్రపాణికి అక్కడక్కడ అచ్చంగా హెర్క్యులిస్ రూపమే ఇచ్చారు, సింహచర్మంతో సహా. ఇక ఇటీవలి క్యాలెండర్ బొమ్మల్లో రాముడికి, హనుమంతుడికి వచ్చిన కండలు మాత్రం గాంధారం నుంచి వచ్చినవి కావు. మా ఉద్దేశంలో అవి జిమ్ గోడ మీది పోస్టర్ల నుంచి వచ్చినవి.

ప్రశ్న: సూపర్‌మ్యాన్ ప్యాంటు మీద చెడ్డీ ఎందుకు వేసుకుంటాడు?
– ఏడో తరగతి విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఒంటికి అతుక్కునే బిగుతు దుస్తుల మీద పొట్టి లాగు తొడగడం ఆనాటి సర్కస్ బలశాలుల, గారడీ విన్యాసాలు చేసేవారి వేషం బాబూ. జెర్రీ సీగెల్ రాసి, జో షుస్టర్ బొమ్మలు గీసిన సూపర్‌మ్యాన్ 1938లో వచ్చినప్పుడు, ఈ వేషం చూడగానే ‘వీడు బలవంతుడు’ అని అమెరికా పిల్లలకు చెప్పకుండానే తెలిసిపోయేది. ఆ తరువాత సర్కస్ పోయింది, చెడ్డీ మిగిలింది. 2011లో కామిక్స్‌లో దానిని తీసేశారు. 2018లో తిరిగి తొడిగారు.

ఆ కామిక్ పుస్తకాల్లోనే చార్ల్స్ అట్లాస్ అనే ఆయన ప్రకటన ఏళ్ల తరబడి వచ్చేది. సముద్రపు ఒడ్డున 97 పౌన్ల, అంటే సుమారు 44 కిలోల, బక్క కుర్రవాడి ముఖం మీదకు ఒక బలశాలి ఇసుక తన్నుతాడు. కుర్రవాడు ఇంటికెళ్లి అట్లాస్ గారి పాఠాలు తెప్పించుకుని, కండలు పెంచి తిరిగొచ్చి వాడికి బుద్ధి చెబుతాడు. అట్లాస్ ఇటలీలో పుట్టిన ఆంజెలో సిసిలియానో. సిగ్గుపడే పిల్లవాడికి కండలు అమ్మవచ్చని ఆయన కంపెనీ కనిపెట్టింది. ఆ ఎత్తుగడ నేటికీ పాతబడలేదు.

ప్రశ్న: పాత పౌరాణికాల్లో కథానాయకులు కండలు చూపించకుండానే భీముడుగా, ఘటోత్కచుడుగా మెప్పించారు. ఇప్పుడు హీరో చొక్కా విప్పకపోతే టికెట్టు తెగదన్నట్లుంది. ఈ మార్పు ఎప్పుడు వచ్చింది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడికి బలం గొంతులో, నడకలో, గద పట్టిన తీరులో ఉంది. ‘పాండవ వనవాసం’లో ఎన్.టి. రామారావు గారి భీముడిదీ ఆ పద్ధతే. నాటకరంగం నుంచి వచ్చిన అలవాటు అది. వెనక వరుసలో కూర్చున్నవాడికి పొట్ట కండరం కనిపించదు కానీ గర్జన వినిపిస్తుంది. అయితే ఒక ముచ్చట చాలామంది మరిచిపోయారు. 1963 నాటి ‘నర్తనశాల’లో భీముడు నిజంగానే బరువులెత్తే క్రీడాకారుడు, కృష్ణా జిల్లాకు చెందిన దండమూడి రాజగోపాలరావు గారు. విజయవాడలోని ఇండోర్ స్టేడియానికి ఉన్నది ఆయన పేరే. అంతకు ముందు ఏడాదే మల్లయోధుడు దారాసింగ్ హిందీలో కథానాయకుడయ్యాడు. ఇటలీలో 1958లో, మిస్టర్ యూనివర్స్ విజేత స్టీవ్ రీవ్స్‌ను హెర్క్యులిస్‌గా పెట్టి తీసిన చిత్రం అమెరికాలో కూడా కాసులు కురిపించి, అలాంటి చిత్రాల వరద తెచ్చిన కాలం అది.

అయినా అప్పటికి కండల వీరుడంటే పౌరాణిక పాత్రో, అడవి మనిషో. టార్జాన్‌గా పేరు పొందిన జానీ వైస్‌ముల్లర్ అయిదు ఒలింపిక్ స్వర్ణాల ఈతగాడు. ఆయన దేహం సన్నగా, సాగినట్లుగా ఉంటుంది. మామూలు కథల్లోని మామూలు కథానాయకుడికి ఛాతీ ఉంటే చాలు. ఈ గీత చెరిగింది 1977 తరువాత. ఆ ఏడాది వచ్చిన ‘పంపింగ్ ఐరన్’ అనే డాక్యుమెంటరీ, అప్పటికే ఆరుసార్లు మిస్టర్ ఒలింపియా గెలిచిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్‌ను బయటి లోకానికి చూపించింది. 1982లో ‘కోనన్’, 1984లో ‘టెర్మినేటర్’, వాటికి పోటీగా సిల్వెస్టర్ స్టాలోన్ ‘రాంబో’లు. వీడియో క్యాసెట్ల పుణ్యమా అని ఇవి మన చిన్న పట్టణాలకూ చేరాయి. ఆంగ్లం ముక్క రాకపోయినా చూసినవారికి లోటు తెలియలేదు. ఆ చిత్రాల్లో దేహమే సంభాషణ.

హిందీలో 1998 నాటికి సల్మాన్ ఖాన్ చొక్కా లేకుండా పాట పాడడం ఒక వేడుక అయింది. 2007లో ‘ఓం శాంతి ఓం’ కోసం షారుఖ్ ఖాన్, అదే ఏడాది ‘దేశముదురు’లో అల్లు అర్జున్, మరుసటి ఏడాది ‘గజిని’లో ఆమిర్ ఖాన్. అక్కడి నుంచి సిక్స్ ప్యాక్ అనే మాట తెలుగు మాటే అయిపోయింది. 2012లో హాస్యనటుడిగా పేరు పొందిన సునీల్ కూడా ‘పూలరంగడు’లో దానిని సాధించి చూపించారు. సరిగ్గా చూస్తే ఇది షికాగోలో జీగ్‌ఫెల్డ్ చేసిన పనే. హీరో విలన్‌ను కొట్టడం ఒక ఎత్తు, కొట్టే ముందు చొక్కా చిరిగిపడే ఆ రెండు క్షణాలు మరొక ఎత్తు. ‘బాహుబలి’లో శివలింగాన్ని భుజాన ఎత్తుకునే ఘట్టం మాకు నచ్చడానికి కారణం, అక్కడ దేహం మళ్లీ ఒక బరువు కింద కనిపించడం. రామమూర్తి నాయుడు గారు బతికి ఉంటే ఆ ఘట్టాన్ని ఒప్పుకునేవారేమో.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. హీరో దేహం కావాలని రోజుకు మూడు గంటలు జిమ్‌లో గడుపుతున్నాడు. ఎంత పెరిగినా బక్కగానే ఉన్నానంటూ ఏడుస్తాడు. శిక్షకుడు ఏదో ఇంజెక్షన్ తీసుకోమన్నాడట. నాకు భయంగా ఉంది.
– ఒక తల్లి, హైదరాబాదు

జవాబు: అమ్మా, మీ భయం సబబైనదే. ముందు హీరో దేహం సంగతి. చిత్రీకరణకు నెలల ముందు నుంచి శిక్షకుడు, వంటమనిషి, తీరిక, అన్నీ అమర్చిన దేహం అది. ఆ ఒక్క రోజు కోసం నీళ్లు తగ్గిస్తారు. షాట్‌కు ముందు బరువులెత్తి కండల్లోకి రక్తం ఉరికిస్తారు. నూనె పూసి, గీతలు లోతుగా పడేలా పైనుంచి దీపం వేస్తారు. వారం తరువాత ఆ నటుడికే ఆ దేహం ఉండదు. జిమ్ ప్రకటనల్లో ‘ముందు – తరువాత’ అని వేసే రెండు ఫోటోలను ఒకే రోజున తీయడం కూడా సాధ్యమే.

పిల్లల కళ్ల ముందున్న కొలతే మారిపోయింది. అమెరికాలో జీఐ జో అనే సైనికుడి బొమ్మ ఉంది. ఆ బొమ్మను నిండు మనిషి ఎత్తుకు పెంచితే చేతి కండ ఎంతుంటుందని మానసిక వైద్యుడు హారిసన్ పోప్, ఆయన సహచరులు లెక్కగట్టి 1999లో ప్రచురించారు. 1964 నాటి బొమ్మకు సుమారు 12 అంగుళాలు. 1990 దశకం చివరి బొమ్మకు దాదాపు 27 అంగుళాలు. అంత కండ ఏ మనిషికీ ఉండదు. ఎంత పెరిగినా బక్కగానే ఉన్నానని నమ్మే స్థితికి కూడా ఆ వైద్యబృందమే మజిల్ డిస్మార్ఫియా అని పేరు పెట్టింది. అది మొండితనం కాదు, మానసిక వైద్యుడు సాయం చేయగల సమస్య. మీ అబ్బాయి ఏడుపును తేలికగా తీసుకోకండి.

ఇంజెక్షన్ విషయంలో ఆలస్యం చేయవద్దు. పురుష హార్మోను టెస్టోస్టెరోన్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది 1935లో. దానిని పోలిన డయనాబాల్ మాత్రలు అమెరికాలో బజారుకు వచ్చింది 1958లో. 1960ల నుంచి పోటీ వేదికల మీద దేహాలు అంతకంతకూ ఉబ్బడానికి ఈ మందులు ఒక పెద్ద కారణం. వీటి వల్ల శరీరం సొంత హార్మోను తయారీని ఆపేస్తుంది, వృషణాలు కుంచించుకుపోతాయి, మంచి కొలెస్టరాల్ పడిపోతుంది, గుండె కండరం మందమవుతుంది. ఎదిగే వయసులో అయితే ఎముకల చివరలు ముందే మూసుకుపోయి ఎత్తు ఆగిపోవచ్చు. వైద్యుని చీటీ లేకుండా ఇవ్వకూడని మందులు ఇవి.

అబ్బాయిని వ్యాయామం మానేయమని గద్దించకండి. మానడు, దాచడం నేర్చుకుంటాడు. ఇంతకుముందే ఏదైనా తీసుకున్నాడేమో నెమ్మదిగా అడగండి. తీసుకుని ఉంటే దానిని హఠాత్తుగా ఆపినప్పుడు కూడా దిగులు, నీరసం ముంచుకొస్తాయి కనుక వైద్యుని పర్యవేక్షణలోనే ఆపించండి. శిక్షకుని దగ్గరకు మీరే వెళ్లి, ఆ ఇంజెక్షన్ పేరు, మోతాదు కాగితం మీద రాసివ్వమనండి. రాసిస్తే ఆ కాగితంతో ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల వైద్యుణ్ణి, కలవండి. రాసివ్వడానికి వెనకాడితే ఆ రోజు నుంచే జిమ్ మార్పించండి.